గ్లాసుకి గోత్రమా?

అల్లం, యాలకులు దంచి వేసిన టీ మన తాతముత్తాతల నాటి పానీయమని ఎవరైనా అంటే నమ్మకండి. గుంటూరు సీమలో మన తాతగారి తాతగారికి టీ అంటే ఏమిటో తెలియదు. ఆయన పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఇంత ఊరగాయ నంజుకుని పొలం పోయేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఊరగాయలో మిరపకాయ కూడా పరాయిదే. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి పదహారో శతాబ్దంలో మన దేశం వచ్చింది. వచ్చి, గుంటూరు ఇంటిపేరు పెట్టుకుని, ఇక్కడి ఆడపడుచులా కూర్చుంది. టీ మన పల్లెల ముఖం చూడడానికి ఆ తరవాత ఇంకో మూడొందల ఏళ్ళు పైనే పట్టింది.

పేరులోనే దాని ప్రయాణం ఉంది. చైనాలో ఒక రేవు ప్రాంతం వాళ్ళు దాన్ని 'తే' అన్నారు. మిగతా చైనాలో చాలామంది 'చా' అన్నారు. నేలదారిన పర్షియా మీదుగా వచ్చింది 'చాయ్' అయింది. ఓడల్లో యూరపు చుట్టి వచ్చింది 'టీ' అయింది. అందుకే మా హైదరాబాదు మిత్రుడు "చాయ్ తాగుదామా?" అంటాడు, నేను "టీ తాగుదాం పద" అంటాను. పండితులు 'తేనీరు' అన్నారు గాని, ఆ మాట చెప్పి అడిగితే బంకువాడు తేనె సీసా కోసం వెతుక్కుంటాడు.

అస్సాంలో తేయాకు తోటలు లేపింది ఇంగ్లీషు దొరలు. 1839లో అస్సాం కంపెనీ పెట్టారు. పండినదంతా చాలాకాలం సీమకే పోయేది. 1903లో చట్టం చేసి, ఎగుమతయ్యే టీ మీద సుంకం వేసి, ఆ డబ్బుతో టీకి ప్రచారం మొదలుపెట్టారు. 1929 తరవాత ప్రపంచమంతటా ధరలు పడిపోయి సరుకు పేరుకుపోయేసరికి, ఇంటిపక్కనే ఇన్ని కోట్ల నోళ్ళున్న సంగతి వాళ్ళకి బాగా గుర్తొచ్చింది. బళ్ళు తిప్పి ఊరికే కప్పులు పంచారు. రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, గనుల్లో టీ కొట్లు పెట్టించారు. ఊరికే వచ్చినదాన్ని కాదనే జాతి కాదు కదా మనది! గాంధీగారు 1942లో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండి ఆరోగ్యం గురించి రాస్తూ, టీ ఒంటికి అక్కర్లేదన్నారు. ఆయన చెప్పిన ఖద్దరు కట్టినవాళ్ళలో కూడా చాలామందికి ఆ మాట చెవికెక్కలేదు.

దొరలు టీతోపాటు దాన్ని కాచే పద్ధతి కూడా నేర్పబోయారు. మరిగిన నీళ్ళు ఆకు మీద పోసి, మూతపెట్టి, కాసేపాగి, పాలు విడిగా కలుపుకోవాలిట. మన బంకువాడు అంతా విని, తనకి తోచినట్టు చేశాడు. ఆకు ఖరీదు గనక పొడి తగ్గించాడు. పాలూ, పంచదారా పెంచాడు. అల్లం, యాలకులు తగిలించాడు. ప్రచారకులకి ఇది కంటగింపయింది. పొడి తక్కువ పడితే నష్టం వాళ్ళకే కదా! ఇంతలో, 1930ల మొదట్లో, మెకర్చర్ అనే దొర అస్సాంలో ఆకును నలిపి, చింపి, చుట్టే యంత్రం తయారుచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గుళికల టీ దేశమంతా పాకింది. చవక సరుకు, చెంచాడు వేస్తే చిక్కటి రంగు. బంకువాడి వంటకి దొరగారి యంత్రమే వత్తాసు పలికింది.

ఈ విద్యని నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక బంకు ముందు నిలబడి చూశాను. ముందు నీళ్ళు మరిగించి, అందులో చితక్కొట్టిన అల్లం వేశాడు. కాసేపటికి పొడి. ఆ తరవాత పాలు.

"అల్లం పాలల్లో వెయ్యకూడదా ఏమయ్యా?" అన్నాను.

"పచ్చి అల్లం పడితే పాలు విరుగుతాయండీ. ముందు నీళ్ళల్లో ఉడకాలి," అన్నాడు.

శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే పదార్థం ఒకటుంది. మరుగుతున్న వేడికి అది నశిస్తుంది. యాలకులు పొట్టుతో సహా పంచదారలో వేసి దంచాడు. పొంగు రెండుసార్లు రానిచ్చాడు. గుడ్డలో వడబోసి, చెంబులోంచి చెంబులోకి బారెడు ఎత్తు నుంచి తిరగబోశాడు. నురగ వచ్చింది, వేడి నోటికి తగ్గట్టు దిగింది. పాలు టీలోని వగరుని పట్టేస్తాయి గనక గొంతు దిగేది కమ్మగా ఉంటుంది. మిరప ఘాటుకి తుమ్మి తుమ్మి ఎండిపోయిన గొంతుకి అంతకంటే ఏం కావాలి?

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకి నీళ్ళు వచ్చాక ఈ నేలల్లో సేద్యం ఊపందుకుంది. పత్తి తీతలకీ, మిరప కోతలకీ కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళ నుంచి కూడా కుటుంబాలకి కుటుంబాలే వలస వస్తాయి. తెల్లవారుజామున పొలం వెళ్ళే ముందు వాళ్ళ కడుపులో పడేది చాలాసార్లు ఒక గ్లాసు టీయే. టీ అమ్మేవాడు ఆకలికి ఇంత పంచదారా, నిద్రకి ఇంత పొడీ కలిపి అమ్ముతున్నాడన్నమాట.

ఇక్కడే నాకొక సందేహం. నీళ్ళకీ, మజ్జిగకీ, అన్నానికీ ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు కూడదో మన పెద్దలు ఏవేవో కట్టుబాట్లు పెట్టారు. టీ నిన్నగాక మొన్న వచ్చింది. ఏ శాస్త్రంలోనూ దాని ఊసు లేదు. కనీసం అదైనా అందరిదీ కావలసింది. అయిందా? నా చిన్నతనంలో చూసిన పల్లె టీ కొట్లో గ్లాసులు రెండు రకాలు. లోపల బల్ల మీదివి ఊరివాళ్ళకి. బయట చూరులో చెక్కినవి మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళకి. తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళేవారు. పాలు ఒకటే, పొడి ఒకటే, ధర ఒకటే. వాళ్ళ డబ్బులు మాత్రం అందరి డబ్బులతోపాటు ఒకే గల్లాపెట్టెలో పడేవి. డబ్బుకి లేని మైల గ్లాసుకెలా అంటిందో!

హోటళ్ళలో అందరికీ పెట్టిన పాత్రలు ఎవరికీ కాదనకూడదని 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం చెప్పింది. 1976లో దాన్ని గట్టిచేసి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. అయినా ఈ శతాబ్దం మొదట్లో జస్టిస్ పున్నయ్య కమిషన్ మన రాష్ట్రమంతా తిరిగినప్పుడు రెండు గ్లాసుల సంగతి ఇంకా వినవలసివచ్చింది.

యార్డు దగ్గర నేను చూసింది వేరు. టిక్కీలు మోసే ముఠా కూలీ, సరుకు తెచ్చిన రైతు, కమీషను వ్యాపారి, అందరి బట్టలూ మిరప దుమ్ముతో ఎర్రబడి, ఒకే బకెట్లో కడిగిన గ్లాసుల్లో తాగుతున్నారు. తొందర అలాంటిది. ఎవరి గ్లాసు ఎవరిదని అడిగే తీరిక అక్కడెవరికీ లేదు.

ఇప్పుడు కాగితం కప్పులొచ్చాయి. తాగడం, పారెయ్యడం. దాంతో రెండు గ్లాసుల జబ్బు పోయిందంటారు కొందరు. నాకంత ధీమా లేదు. ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకునే అవసరమే లేనిచోట, ముట్టుకోవడానికి మనసొప్పిందో లేదో తేలేదెలాగ? అందుకని నేను ఎక్కడికి వెళ్ళినా గాజు గ్లాసున్న బంకే వెతుక్కుంటాను. నాకు ముందు దాంట్లో తాగినవాడెవరో నాకు తెలియదు. నా తరవాత తాగబోయేవాడికి నేనెవరో తెలియదు. గ్లాసు శుభ్రంగా కడిగాడా లేదా అని మాత్రం చూసుకుంటాను.