వెఱ్ఱి

వెఱ్ఱి యను మాటను మనము మనుష్యులకే పరిమితము చేయలేదు. జలదంకి మొదలు ఉదయగిరి వఱకును మెట్టపొలముల నెఱిగిన రైతు, పుచ్చవలె కాయ కాచి, నోటఁ బెట్టినంతనే విషమువలె చేదగు తీఁగను వెఱ్ఱిపుచ్చ యనును. ఆ తీఁగకు మతి చలించినదని కాదు, పుచ్చయన్నదానినుండి మనము కోరు తీపి దానియందు లేదని మాత్రమే యా విశేషణమున కర్థము. వైద్యులు దానినే ఇంద్రవారుణి యని గౌరవించి విరేచనమునకు వాడుదురు. వెఱ్ఱినువ్వులును నట్టివే: మనకు వెఱ్ఱివి, వానినే వలిసెలని పండించి నూనె తీయు మన్యపు గిరిజనులకు పంట.

ఈ మాటకుఁ దోబుట్టువు తమిళపు ‘వెఱి’. మత్తు, పూనకము దాని యర్థములు. సంగకాలపుఁ గవిత్వమున మురుగన్ పూనిన వేలన్ అను పూజారి యాడునది వెఱియాట్టు. అచ్చట పూజ్యము, ఇచ్చట పరిహాసము.

ఈ రెంటి నడుమ నడచిన మనుష్యుఁడు మన నెల్లూరు జిల్లాలోనే కలఁడు. చేజర్ల ప్రాంతపు నాగులవెల్లటూరులోఁ బుట్టి, దిమ్మరియై తిరిగిన వెంకయ్యను జనులు తొలుత పిచ్చివెంకయ్య యనిరి; 1982లో గొలగమూడిలో దేహము చాలించునాఁటికి ఆయన భగవాన్ వెంకయ్యస్వామి. మాఱినది ఆయన నడవడియో, చూచువారి కొలబద్దయో! నేను రెండవదే యందును. ఆయన అవధూత; అవధూత యనఁగా దులిపివేసినవాఁడు గదా. లోకమర్యాదను దులిపినవానిని ఆ మర్యాదతోనే కొలుచుట యెట్లు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, సంఘమునఁ జెల్లు నీతికిని, ఆచారమునకును, మతవిశ్వాసములకును ఒదుగకపోవుటను బట్టి మనోవ్యాధిని నిర్ణయింపరాదని తన మూడవ సెక్షనులో శాసించినది. అయినను పెండ్లి యొల్లని పిల్లను, కొలువు విడిచిన కుఱ్ఱవానిని ఊరు వెఱ్ఱివారనుచునే యున్నది. తల్లి మాత్రము అదే మాటను ‘వెఱ్ఱినాయనా’ యని తల నిమురుచు వాడును.