కట్టుబాట్ల కాగితాలకు సొంత ఇల్లు

మన ఇంటి రేడియో ఏ కంపెనీ చేసినదైనా సరే, ముల్లు ఏ కేంద్రం వద్ద నిలిపితే ఆ కేంద్రం పలుకుతుంది. ప్రసారం చేసేవారూ, పెట్టెలు తయారుచేసేవారూ కొన్ని ప్రమాణాలకు ముందే కట్టుబడి ఉండడం ఇందుకు కారణం. ఆ ప్రమాణాలను ఎక్కడ కూర్చుండి వ్రాస్తారన్న ప్రశ్న సాధారణంగా మనకు తోచదు. కంప్యూటర్ల విషయంలో ఆ ‘ఎక్కడ’ అన్న మాటకే ఒక చరిత్ర ఉన్నది.

1969 ఏప్రిల్ 7వ తేదీన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి స్టీవ్ క్రాకర్, కంప్యూటర్లు పరస్పరం సంభాషించవలసిన తీరును గూర్చి ఒక లేఖ వెలువరించినాడు. కుర్రవాళ్ళు ఆజ్ఞలు జారీచేస్తున్నట్లు కనిపించరాదని ఆ లేఖల వరుసకు ‘అభిప్రాయాలకై అభ్యర్థన’ అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. వినయం కొంత, యుక్తి కొంత! ఒక్క వాక్యమైనా చాలును, మెరుగులు దిద్దకుండానే పంపవచ్చునని నియమం. అప్పటికి నెట్‌వర్క్ పుట్టలేదు. దాని మొదటి లంకె అదే ఏడు అక్టోబరు 29న పడినది. కనుక తొలి కాగితాలు తపాలాలో తిరిగినవి. నెట్‌వర్క్ నిలదొక్కుకొన్న తరువాత అవి దానిలోనికే చేరినవి. పనిముట్టును చేసినవారే దానిని వాడుకొన్నారు, లోపం కనబడితే తామే సరిదిద్దుకొన్నారు. జాన్ పోస్టెల్ 1998లో కన్నుమూసే వరకు ఈ వరుసకు సంపాదకుడు.

1986లో ఏర్పడిన ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ ఈ సంప్రదాయాన్నే కొనసాగించి, చిత్తుప్రతుల పట్టికను, చర్చల భాండాగారాన్ని తన అధీనంలో ఉంచుకొన్నది. అయితే 2008లో గిట్‌హబ్ అనే ప్రైవేటు కొలువు తెరచుకొన్నది. అక్కడ పని సులువు. క్రమంగా ప్రమాణాలు వ్రాసేవారు పలువురు అక్కడికి చేరినారు. 2018లో దానిని మైక్రోసాఫ్ట్ కొన్నది. మరుసటి ఏడు జూలైలో అమెరికా వాణిజ్య ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియా వాసుల ఖాతాలపై ఆ సంస్థ పరిమితులు విధించినది. బహిరంగ గ్రంథాలు వారికి అందుబాటులోనే ఉన్నవి; సొంతంగా దాచుకొన్నవి మాత్రం చేజారినవి. ఇరాన్ వారికి 2021 జనవరిలో వెసులుబాటు దొరికినది. ఏ నేరమూ చేయని పనివారికి ఏడాదిన్నర చిన్న కాలం కాదు.

ఆ నడుమనే, 2020 ఆగస్టులో, టాస్క్ ఫోర్స్ కొన్ని మార్గదర్శకాలు వెలువరించినది. చర్చ గిట్‌హబ్‌లో సాగవచ్చును. నిర్ణయాన్ని మాత్రం సంఘం సొంత లేఖల వేదికపై అందరి ముందూ నిర్ధారించుకోవాలి. అక్కడి వ్రాతలకు ఒక నకలు తమ వద్ద భద్రపరచాలి.

చిత్రమేమంటే, ఆ సంఘపు చిత్తుప్రతుల పట్టికను నడిపే ప్రోగ్రాం మూలపాఠం కూడ గిట్‌హబ్‌లోనే ఉన్నది. కాని దానిని స్వేచ్ఛగా వాడుకొనే హక్కు అందరికీ ఉన్నది. నకలు తీసుకొన్న ప్రతివారి వద్దకూ అందులో జరిగిన మార్పుల చరిత్ర సైతం చేరుతుంది.