డంకన్ డౌసన్

డంకన్ డౌసన్ (1928 ఆగస్టు 31 – 2020 జనవరి 6) బ్రిటిష్ మెకానికల్ ఇంజనీరు, లీడ్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఘర్షణ, అరుగుదల, కందెనలను కలిపి చదివే ట్రైబాలజీ శాస్త్రాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు. గేర్ పళ్ల మధ్య, బాల్ బేరింగుల్లో ఏర్పడే నూనె పొర మందాన్ని లెక్కగట్టే సూత్రాలు ఆయన ప్రధాన కృషి. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, కర్బీమూర్‌సైడ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి కమ్మరి. లీడ్స్‌లోనే చదివి, కొంతకాలం విమాన కర్మాగారంలో పనిచేసి, 1954లో అధ్యాపకుడిగా మళ్లీ అక్కడికే వచ్చారు.

తేలని లెక్క

తిరిగే ఇరుసుకూ బేరింగుకూ మధ్య చేరిన నూనె తనలోనే ఒత్తిడి పుట్టించుకుని బరువును ఎలా మోస్తుందో 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఒక సమీకరణంతో వివరించారు. సాదా బేరింగులకు అది చక్కగా సరిపోయింది. గేర్ల దగ్గరే పేచీ వచ్చింది. 1916లో మార్టిన్ అనే ఇంజనీరు ఆ సమీకరణాన్ని గేర్ పళ్లకు వర్తింపజేశారు. లెక్కలో తేలిన పొర మందం, పళ్ల మీద ఉండే గరుకు కంటే కూడా చాలా తక్కువ. అదే నిజమైతే ఇనుము ఇనుముకు ఒరుసుకుని గేర్లు త్వరగా పాడైపోవాలి. పాడవడం లేదు సరికదా, ఏళ్ల తరబడి నడిచిన కొన్ని గేర్ల మీద తయారీనాటి గీతలు సైతం చెరగలేదు.

మార్టిన్ ఉక్కు అణగదనీ, నూనె చిక్కదనం మారదనీ అనుకున్నారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. రెండు వంపు ముఖాలు ఆనే చోటు చాలా చిన్నది కాబట్టి అక్కడి ఒత్తిడి వాతావరణ పీడనానికి పదివేల రెట్ల దాకా పోగలదు. అంత ఒత్తిడికి ఉక్కు కూడా కొద్దిగా అణిగి చదునవుతుంది. నూనె వేల రెట్లు చిక్కబడి, పక్కలకు జారిపోయే లోపే అవతలికి చేరిపోతుంది. ఈ రెంటినీ కలిపి సోవియట్ శాస్త్రవేత్తలు ఎర్టెల్, గ్రూబిన్ ఒక ఉజ్జాయింపు లెక్క కట్టారు. పూర్తి పరిష్కారానికి మాత్రం ఒక అడ్డంకి ఉంది. ఒత్తిడి తెలిస్తే గానీ ఉక్కు ఎంత అణిగిందో తెలియదు, అది తెలియనిదే ఒత్తిడి తేలదు.

డౌసన్, ఆయన సహచరుడు గార్డన్ హిగ్గిన్సన్ 1959లో ఈ సమస్యను వెనక నుంచి పట్టుకున్నారు. ముందుగా ఒక ఒత్తిడిని ఊహించి, ఆ ఒత్తిడి రావాలంటే నూనె పొర ఏ ఆకారంలో ఉండాలో కట్టారు. ఆ ఆకారం ఉక్కు అణిగిన తీరుతో కలిసేదాకా సవరిస్తూ పోయారు. చివరికి తేలిన చిత్రం ఇది: పొర చాలామేరకు సమంగా ఉంటుంది, నూనె బయటికి పోయే అంచున సన్నబడుతుంది, దానికి కాస్త ముందు ఒత్తిడి ఒక్కసారిగా ఎగసిపడుతుంది. తర్వాత కొన్నేళ్లకు లండన్ ఇంపీరియల్ కాలేజీలో కామెరాన్, గోహర్ గాజు పలక మీద ఉక్కు గుండును తిప్పి, కాంతి రంగుల్లో ఆ సన్నబడిన అంచును కళ్లారా చూపించారు.

డౌసన్, హిగ్గిన్సన్ల పుస్తకం 1966లో వచ్చింది. మరో పదేళ్లకు అమెరికన్ ఇంజనీరు బెర్నార్డ్ హామ్‌రాక్‌తో కలిసి డౌసన్ బాల్ బేరింగుల్లాంటి బిందు స్పర్శలకూ సూత్రం కట్టారు. దాని ప్రకారం బరువు రెట్టింపైతే పొర కనీస మందం తగ్గేది 5 శాతమే, వేగం రెట్టింపైతే మాత్రం 60 శాతం పెరుగుతుంది. బరువు పెరిగితే పొర తెగిపోతుందనుకునేవారికి ఇది మింగుడుపడని ఫలితమే. ఆ పొర చాలాచోట్ల ఒక మైక్రాన్ కూడా ఉండదు, తలవెంట్రుక మందంలో అది ఏ యాభయ్యో వంతో.

కీళ్లు, చరిత్ర

కందెనల సంగతి పట్టించుకుంటే బ్రిటన్ ఏటా 51.5 కోట్ల పౌండ్లు ఆదా చేయగలదని 1966లో లెక్క చెప్పిన జోస్ట్ కమిటీలో డౌసన్ కూడా సభ్యుడు. సమీకరణాలకు కదలని ప్రభుత్వం ఆ అంకెకు కదిలింది. మరుసటి ఏడాదే లీడ్స్‌లో ట్రైబాలజీ సంస్థ ఏర్పడింది.

కీళ్లవాతం వైద్యుడు వెర్నా రైట్‌తో కలిసి ఆయన మనిషి కీళ్లనూ బేరింగుల్లాగే పరిశీలించారు. మోకాలి మృదులాస్థి మెత్తనిది కనుక తక్కువ ఒత్తిడికే అణుగుతుంది, కాబట్టి కీలుద్రవం పలుచగా ఉన్నా పొర నిలబడే వీలుంది. కృత్రిమ తుంటిలో లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నె ఉంటాయి. గిన్నె అరిగి రాలే సన్నటి పొడి వల్ల చుట్టూ ఉన్న ఎముక క్షీణిస్తుంది. లోహం మీద సన్నటి గీత ఒక్కటి పడినా ప్లాస్టిక్ అరుగుదల ఎన్నో రెట్లు పెరుగుతుందని 1987లో డౌసన్ బృందం ప్రయోగాల్లో తేల్చింది. శస్త్రచికిత్సలో ఆ గుండును ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో చెప్పిన ఫలితం ఇది. ఆయన రాయల్ సొసైటీ సభ్యుడైందీ ఆ ఏడాదే.

1979లో వెలువడిన ఆయన ‘హిస్టరీ ఆఫ్ ట్రైబాలజీ’ ఇంజనీరు రాసిన చరిత్ర గ్రంథాల్లో అరుదైనది. ఈజిప్టు సమాధి చిత్రంలో భారీ విగ్రహాన్ని లాగే జారుడుబండి ముందు ద్రవం పోస్తున్న మనిషి మొదలు లియొనార్డో డావిన్సీ ఘర్షణ ప్రయోగాల మీదుగా ఇరవయ్యో శతాబ్దం దాకా సాగుతుంది. ఈ రంగంలో పనిచేసినవారి జీవిత చిత్రాలనూ ఆయన అందులో చేర్చారు. రెండో కూర్పు 1998లో వచ్చింది.