పాత టెలిఫోను అంతర్భాగాలను శుభ్రపరచే విధానం

చిత్తూరు వైపు నుండి కోలారు మీదుగా బెంగళూరు వెళ్ళేవారికి కృష్ణరాజపురం దాటిన పిమ్మట పాత మద్రాసు రోడ్డు పక్కన దూరవాణి నగర్ కనిపిస్తుంది. స్వాతంత్ర్యానంతరం 1948లో అక్కడ స్థాపితమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ సంస్థ వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఐ.టి.ఐ. అని అందరూ పిలిచే ఆ కర్మాగారంలో తయారైన డయల్ టెలిఫోన్లు కొన్ని దశాబ్దాల పాటు దేశమంతటా మోగాయి. కనెక్షన్ కొరకు ఏళ్ళ తరబడి నిరీక్షించిన ఆ కాలంలో టెలిఫోను ఇంటికి ఒక గౌరవ చిహ్నం. నేడు అవి అటకల మీద, బెంగళూరులోని పాత వస్తువుల సంతల్లో దుమ్ము పట్టి కనిపిస్తున్నాయి. వాటిలో అధిక భాగం చెడిపోయినవి కావు, మురికి పట్టినవి మాత్రమే. అయితే తెలియక చేసే శుభ్రత మురికి కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఏ భాగాన్ని ఎంతవరకు తాకవచ్చునో తెలుసుకొనుట ముఖ్యం.

మురికి స్వభావం

టెలిఫోను లోపల చేరే మురికి మూడు విధాలు. మొదటిది పొడి దుమ్ము, పురుగుల గూళ్ళు, బొద్దింకల గుడ్ల తొడుగులు. రెండవది వంట పొగ, సాంబ్రాణి ధూపం కలిసి ఏర్పడిన జిడ్డు. మూడవది లోహభాగాలకు పట్టిన చిలుము. మొదటిదానికి కుంచె చాలు. రెండవదానికి ద్రావకం కావాలి. మూడవదాని విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం.

ప్రారంభించే ముందు

టెలిఫోను తీగను గోడ నుండి తప్పక వేరు చేయాలి. లైనులో సాధారణంగా సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. గంట మోగే సమయంలో అది 75 వోల్టులను మించవచ్చు. పిమ్మట అడుగు భాగపు మరలు విప్పి, పైతొడుగు తీసి, లోపలి తీగల అమరికను ఛాయాచిత్రం తీసుకోవాలి. విప్పిన మరలను క్రమం తప్పకుండా చిన్న గిన్నెలలో ఉంచుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట మెత్తని కుంచెతో పొడి దుమ్మును తొలగించాలి. నోటితో ఊదరాదు, ఉమ్మి తేమ లోహానికి తగులుతుంది.

స్పర్శ పలకలు

హ్యాండ్‌సెట్ ఎత్తగానే లైనును కలిపేవి, డయల్ తిరిగేటప్పుడు సంకేతాలను పంపేవి సన్నని లోహపు ఆకులు. వాటి కొనలలోని చిన్న బిందువులు ఒకదానినొకటి తాకినప్పుడే మాట వినిపిస్తుంది. గరగర శబ్దానికి, మాట మధ్యలో తెగిపోవుటకు తరచు ఈ బిందువుల మీది జిడ్డే కారణం. తెల్లని గట్టి కాగితపు పట్టీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, రెండు బిందువుల నడుమ ఉంచి, ఆకులను వేలితో సున్నితంగా నొక్కి పట్టీని లాగాలి. కాగితం మీద నల్లని గీత పడుతుంది. గీత పడకుండా వచ్చే వరకు ఇలా చేయాలి. ఆల్కహాల్ త్వరగా అంటుకుంటుంది గనుక దగ్గరలో దీపం, పొయ్యి ఉండరాదు. ఈ బిందువులను గరుకు కాగితంతో రుద్దరాదు. పైనున్న పలుచని లోహపు పూత ఒకసారి పోతే తిరిగి రాదు.

డయల్

డయల్ వెనుక ఒక స్ప్రింగు, పళ్ళ చక్రాలు, వేగాన్ని నియంత్రించే గవర్నర్ ఉంటాయి. డయల్ తిరిగి వచ్చేటప్పుడు గవర్నర్‌లోని చిన్న బరువులు బయటికి జరిగి, చుట్టూ ఉన్న గిన్నెను ఒరుసుకుంటూ వేగాన్ని అదుపు చేస్తాయి. సెకనుకు సుమారు 10 సంకేతాలు వెళ్ళాలి. 1కి ఒకటి, 0కి పది. కనుక 0 తిప్పి వదిలితే డయల్ ఒక సెకను, లేదా దానికి కొద్దిగా ఎక్కువ కాలంలో వెనుకకు రావాలి.

చాలామంది డయల్ నెమ్మదిగా తిరుగుతున్నదని గవర్నర్‌లో నూనె పోస్తారు. అది పొరపాటు. ఒరిపిడి ఆధారంగా పనిచేసే భాగానికి నూనె తగిలితే డయల్ మితిమీరిన వేగంతో తిరుగుతుంది. కొబ్బరి నూనె మరీ ప్రమాదకరం. బెంగళూరు చలికాలపు రాత్రులలో అది గడ్డకట్టి చక్రాలనే ఆపివేస్తుంది. గిన్నె లోపలి పాత జిడ్డును ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి ఆరనివ్వాలి. చక్రాల ఇరుసులకు మాత్రం గడియారపు నూనెను సూది మొనతో ఒక బిందువు అద్దితే చాలు. స్ప్రింగును విప్పరాదు. అంకెల కాగితాన్ని తడపరాదు.

మాట పలికే, వినే భాగాలు

నోటి వద్దనున్న డబ్బీలో బొగ్గు రేణువులు ఉంటాయి. మన మాటకు పలుచని పరదా కదిలినప్పుడు ఆ రేణువులు నొక్కుకొని, విద్యుత్తులో హెచ్చుతగ్గులు కలుగుతాయి. తేమకు రేణువులు గడ్డకడితే గొంతు మందంగా వినిపిస్తుంది. ఈ డబ్బీని విప్పరాదు, కడగరాదు. హ్యాండ్‌సెట్‌ను అరచేతి మీద మెల్లగా తట్టితే రేణువులు విడిపోతాయి.

చెవి వద్దనున్న భాగంలో అయస్కాంతం ఉన్నందున ఇనుప రజను చేరుతుంది. దానిని జిగురు టేపుతో అద్ది తీయాలి. పరదాను పైకి పెకలించక, పక్కకు జరిపి తీయాలి. వంగిన పరదా మళ్ళీ సరిగా పలకదు.

గంటలు, పైతొడుగు

గంట గిన్నెలను విడిగా తీసి తుడవవచ్చు. పూత లేని ఇత్తడి అయితే చింతపండుతో తోమి, బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పూత ఉన్నట్లయితే పొడిగుడ్డ చాలు. నల్లని బేకలైట్ తొడుగును సబ్బు నీటిలో నానబెట్టరాదు. పై మెరుపు అరిగినచోట అది తేమను పీల్చుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చాలి. గుడ్డ అల్లిన తీగలకు కుంచె మాత్రమే వాడాలి.

చివరి పరీక్ష

అన్నీ బిగించి లైనుకు కలిపిన తరువాత గంట మోగి, మాట వినిపించి, డయల్ మాత్రం పనిచేయకపోతే పరికరాన్ని వెంటనే నిందించరాదు. నేటి ఫైబర్ కనెక్షన్లలో అనేక పెట్టెలు పాత డయల్ సంకేతాలను గ్రహించవు. శుభ్రత సరిగా జరిగినా అవతలి యంత్రానికి ఆ భాష తెలియదు. ఆ అనుమానంతో మళ్ళీ డయల్ విప్పి, బాగున్న దానిని పాడుచేసుకొనువారు ఉన్నారు. సాధ్యమైతే పాత రాగి తీగ లైను మీద ఒకసారి పరీక్షించి చూడవలెను. అక్కడ పనిచేస్తే ఆ టెలిఫోనుకు ఇక చేయవలసినదేమీ లేదు. ఏటా ఒకసారి పైన దుమ్ము తుడిచి, పొడిచోట ఉంచితే చాలు.