పీపా కలిపే ఐదు నిమిషాలు

పొద్దు పొడిచి అరగంట కూడా కాలేదు. కదిరి నుంచి ఎన్.పి.కుంట వైపు వెళ్లే దారిలో ఆటో మిమ్మల్ని దింపి వెళ్లిపోయింది. జూన్ మొదటి వారం. దారికి రెండు పక్కలా దున్ని వదిలిన ఎర్రచేలు పదును కోసం చూస్తున్నాయి. వాటి నడుమ ఒక్క చేను మాత్రం మోకాలెత్తున పచ్చగా ఉంది. దగ్గరికెళ్లి వంగి చూడండి: అలసంద, సజ్జ, జనుము, ఆముదం, నువ్వు, ఉలవ, గోరుచిక్కుడు... పదిహేను రకాలకు తక్కువ లేవు. వానకు ముందే ఎండుమట్టిలో చల్లిన నవధాన్యాలివి. విత్తనానికి బీజామృతం, బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద ఒకదాని మీద ఒకటి పట్టించి, గుళికలు చేసి ఎండల్లోనే చల్లేశారు. మే నెలలో రాలిన నాలుగు చినుకులకే మొలిచాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దరిదాపు కురిసే సీమ ఇది. జూన్ మొదట్లోనే చేను ఇలా కమ్ముకుని ఉండటం ఇక్కడ చిన్న విషయం కాదు.

మీ భుజాన ల్యాప్‌టాప్ సంచి ఉంది. అందులో సగం నింపిన దరఖాస్తు. ఐరోపాలోని ఒక విశ్వవిద్యాలయం గ్రామాల్లో హరిత వృద్ధి మీద పనిచేసే పరిశోధకులకు విజిటింగ్ ఫెలోషిప్ ఇస్తోంది. గడువు ఈ రాత్రి, వాళ్ల అర్ధరాత్రికి. మన గడియారంలో రేపు తెల్లవారుజామున మూడున్నర.

చేనుగలామె పశువుల పాక దగ్గర ఉంది. నీలం ప్లాస్టిక్ పీపా మీది గోనెపట్టా తీయగానే పులిసిన వాసన గుప్పుమంటుంది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల ఉలవపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. ద్రవజీవామృతం. 48 గంటలు నీడలో మగ్గాలి. ఆమె పొడుగాటి కట్టె దించి గుండ్రంగా తిప్పుతుంది. నురుగు అంచుల దాకా లేచి, సన్నటి బుడగలు చిట్లుతూ మళ్లీ అణుగుతుంది.

“ఏం పాపా, ఇంత పొద్దున్నే వచ్చినావే!”

“ఈ రాత్రికి దరఖాస్తు పంపాలక్కా. నీ ఖర్చుల పుస్తకం ఇంకోసారి చూసుకుందామని.”

“చూడు చూడు. ఎవురొచ్చినా అదే చూస్తారు.”

అట్టకు మైనపుకాగితం తొడిగిన పుస్తకం అది. మహిళా సంఘంలో పనిచేసే అమ్మాయి గీతలు గీసి రాసిపెట్టింది. విత్తనం ఇంత, బెల్లం ఇంత, పిండి ఇంత, దుక్కి బాడుగ ఇంత. రసాయన ఎరువు దగ్గర సున్నా. పురుగుమందు దగ్గర సున్నా. పేజీ అడుగున ‘మిగులు’ అనే మాటకు ఎర్రపెన్నుతో చుట్టూ గీశారు. మీరు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీస్తుంటే ఆమె కట్టె ఆపకుండానే అడుగుతుంది.

“ఎరువు కొనలేదని రాసినారు, బాగుండాది. నా రెక్కలు యాడ రాసినారు?”

మీరు తలెత్తుతారు. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పుకుపోతుంది. పేడ ఎత్తేది, మూత్రం పట్టేది, నీళ్లు మోసేది, పొద్దున సాయంత్రం తిప్పేది, వడగట్టేది, చల్లేది. “తిప్పేదానికి ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలే గదా అని ఎవురూ అడగరు. మందు కొట్టేటప్పుడు మా ఆయన అంగడికి పోయి డబ్బా తెచ్చేవాడు, దానికి లెక్క ఉన్నింది. ఇప్పుడు అంగడికి పోయే పని లేదు. ఆ పనంతా నా మీదికొచ్చింది. లెక్క మాత్రం రాలేదు.”

“మరైతే మళ్లీ డబ్బా తెచ్చుకుంటారా అక్కా?”

“ఛీ, నేనెందుకు తెస్తాను? నేల మెత్తబడింది, చూడు. నేను చెప్పేది లెక్క గురించి.”

అదీ మాట. ఆమెకు ప్రకృతి సేద్యం మీద ఫిర్యాదు లేదు. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమం మహిళా సంఘాల భుజాల మీదే ఊరూరా నడిచింది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి బహుమతిని నేల శాస్త్రవేత్త రతన్‌లాల్‌తో, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతో కలిసి అందుకుంది. దీని మీద వచ్చిన అధ్యయనాల్లో తగ్గిన ఖర్చు, దిగుబడి, నేల తేమ తరచూ కనిపిస్తాయి. పీపా పక్కన నిలబడ్డ మనిషి పొద్దు ఎటు పోతోందన్నది మాత్రం పుస్తకంలో గడి లేని విషయం.

తిరుగుబస్సు కోసం దారి పక్కన నిలబడితే ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఈ ఎన్.పి.కుంట మండలంలోనే సౌర విద్యుత్తు పార్కు ఉంది. 2016లో ఎన్‌టీపీసీ ఇక్కడ 250 మెగావాట్లు మొదలుపెట్టింది. హరిత వృద్ధి అనగానే చాలామందికి కళ్లముందు మెదిలేది ఇలాంటి దృశ్యమే: కొలవడానికి వీలైనది, మెగావాట్లలో చెప్పగలిగినది, ఫొటోకు నిలిచేది. ఆమె పీపా ఫొటోకు కూడా నిలవదు.

కదిరిలో మీరు అద్దెకు తీసుకున్న గదిలో ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం వేడిగానే ఉంది. ల్యాప్‌టాప్ తెరవండి. చదువు, ఉద్యోగం, ప్రచురణలు ఎప్పుడో నింపేశారు. కాలేజీ ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఎక్కించేశారు. సిఫారసు లేఖలు రెండూ నేరుగా వాళ్లకే చేరాయి. మిగిలినవే అసలైన గడులు: నేపథ్యం, పరిశోధన ప్రశ్న, పద్ధతి, కాలక్రమం, ఖర్చు.

నేపథ్యం తేలిగ్గానే సాగుతుంది. 2005లో సియోల్‌లో జరిగిన ఆసియా పసిఫిక్ మంత్రుల సమావేశం హరిత వృద్ధిని ఒక బాటగా ఒప్పుకుంది. 2008లో దక్షిణ కొరియా దాన్ని జాతీయ విధానం చేసుకుంది. 2011లో ఓఈసీడీ దాని మీద వ్యూహపత్రం తెచ్చింది. 2012లో రియోలో ప్రపంచదేశాలు హరిత ఆర్థిక వ్యవస్థను ప్రధానాంశంగా చర్చించాయి. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం అడవులు, నీళ్లు, నేలను దేశం లెక్కల్లోకి తెచ్చే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. చెట్టుకు లెక్క వచ్చింది, నీటికి వచ్చింది. ఇంట్లో జీతం లేకుండా చేసే చాకిరీ ఇప్పటికీ జీడీపీ గీతకు అవతలే ఉంది.

ఆ వాక్యం దగ్గర మీ వేళ్లు ఆగుతాయి. పొద్దున విన్నది ఇక్కడే అతుక్కుంటుంది.

సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. ఇలాంటి ఫెలోషిప్‌లలో చాలావాటికి ముందు ఆతిథ్యం ఇచ్చే ఆచార్యులు దొరకాలి. జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్ నడిపే వాతావరణ పరిరక్షణ ఫెలోషిప్‌కూ అదే షరతు. మీకు దొరికిన ఆచార్యురాలు మీ పాత ముసాయిదా చదివేసి కూర్చుంది. అందులో నేలలో కర్బనం, భూగర్భ జలం, ఆదాయం, వలస, మహిళా సాధికారత అన్నీ ఉన్నాయి. ఆమె మర్యాదగానే అడుగుతుంది: వీటిలో మా దగ్గరికి రాకపోతే మీరు చెయ్యలేని పని ఏది?

సూటి ప్రశ్న. కర్బనం పరీక్షించే ల్యాబులు మన దగ్గరే ఉన్నాయి. వలస మీద పనిచేసినవాళ్లు హైదరాబాద్‌లోనే దొరుకుతారు. ఊరిని ఏళ్ల తరబడి వెంటాడి చూసే విద్య కూడా మనకు కొత్త కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లలో మొదలుపెట్టిన అధ్యయనంలో అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. అక్కడే కాపురముండి సేకరించిన లెక్కల మీద ప్రపంచమంతటా అర్థశాస్త్రవేత్తలు పత్రాలు రాశారు.

మీరు పీపా సంగతి చెబుతారు. ఆమె ముందుకు వంగుతుంది.

2019లో మన దేశమంతటా మొదటిసారి సమయ వినియోగ సర్వే జరిగింది. జీతం లేని ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, వాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు. మగవాళ్లలో 26.1 శాతం, 97 నిమిషాలు. విలువైన లెక్కే. అయితే ఆ సర్వే ఒక మనిషిని ఒక్క రోజు గురించే అడుగుతుంది, తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా. రోజును అరగంట ముక్కలు చేస్తుంది. ఒక ముక్కలో పనులు ఎక్కువైతే పది నిమిషాలకు తగ్గనివి మాత్రమే, అవీ మూడింటికి మించకుండా రాసుకుంటుంది. దేశమంతా తిరిగే సర్వేకు అంతకన్నా సన్నని జల్లెడ కుదరదు. ఐదు నిమిషాల పీపా మాత్రం ఆ జల్లెడలోంచి జారిపోతుంది.

ఆచార్యురాలి బృందం చేసే పని సరిగ్గా ఇదే: తునాతునకలుగా పడి ఉండే పనిని సీజన్ పొడుగునా డైరీలతో పట్టుకోవడం, దాన్ని పర్యావరణ లెక్కల పక్కన పెట్టడం. పావుగంటలో మీ ఐదు ప్రశ్నలు ఒక్కటిగా మిగిలాయి. రసాయనాలు మానిన చేనులో ఆదా అయిన డబ్బులో ఎంత భాగం ఆడవాళ్ల సమయం నుంచి వచ్చింది? ఆహ్వాన లేఖ గంటలో పంపిస్తానంటుంది. పంపింది కూడా.

ఖర్చు గడి దగ్గర ఫోన్ మోగుతుంది. పొద్దుటి అక్కే. కాల్ అయ్యాక మీరు చెప్పిన డైరీల సంగతి సంఘంలో మాట్లాడిందట. స్పీకర్‌లో వెనక నుంచి నాలుగైదు గొంతులు.

“పాపా, దినమంతా మేం చేసింది రాసుకోమంటావు. రాసేదానికి కూడా పొద్దు పోతాది గదా. దానికి కూలి ఎవురిస్తారు?”

“బడ్జెట్‌లో పెడతానక్కా.”

“పెట్టు. ఇంకోటి. నువ్వు ఆ దేశంలో చెప్పేముందు మా సంఘంలో చదివి వినిపించల్ల. తప్పుంటే మేమే చెప్తాం.”

విమాన టికెట్టు, గది అద్దె, బీమా ఉన్న పట్టికలో మీరు కొత్త వరుస చేరుస్తారు: డైరీ రాసేవారికి సమయ పరిహారం, ఉపాధి హామీ కూలి రేటున. దాని కోసం ఒక సదస్సు ప్రయాణం కొట్టేయాల్సి వచ్చింది. నైతిక నియమాల గడిలో ఇంకో వాక్యం: ఫలితాలు ముందుగా గ్రామ మహిళా సంఘం ఎదుట చదివి, వారి అభ్యంతరాలు నమోదు చేశాకే ప్రచురణ. ఈ రెండు వరుసలూ మీ బుర్రలోంచి వచ్చినవి కావు, వాళ్లు బేరమాడి పెట్టించినవి.

‘ఆశించే ప్రయోజనం’ అన్న గడి వచ్చింది. ఇక్కడ అందరూ ప్రపంచాన్ని ఉద్ధరిస్తామని రాస్తారు. మీరు ఒక ఊరి గురించి రాయండి. ఆడవాళ్ల సమయం చాలా ఎక్కువ పడుతోందని తేలితే దారి లేకపోలేదు. కొన్ని ఊళ్లలో కషాయాలు, జీవామృతం తయారుచేసి అమ్మే దుకాణాలను సంఘాల వాళ్లే నడుపుతున్నారు. ఇంటింటా జీతం లేకుండా సాగే పని అక్కడ ఇద్దరు ముగ్గురికి కూలి దొరికే పని అవుతుంది. ఎన్ని ఇళ్లకు ఒక దుకాణం గిట్టుతుంది, లీటరు ఎంతకు అమ్మితే చేసినవాళ్ల కూలి నిలబడుతుంది? ఆ లెక్క కట్టాలంటే ముందు పీపాకు పట్టే నిమిషాలు తెలియాలి. ఊరికి కావలసిన వృద్ధి ఈ కొలతల్లో ఉంది. 250 మెగావాట్ల కన్నా చిన్నదే, కానీ ఊళ్లోనే ఉండిపోయే డబ్బు.

రాత్రి ఒంటిగంట. ఆఖరి చిక్కు కాలక్రమం. ఫెలోషిప్ ఫలితాలు నవంబరులో, ప్రయాణం జనవరిలో, క్షేత్ర పని ఆ తర్వాత. కాగితం మీద చక్కగా ఉంది. చేను మాత్రం నవంబరు దాకా ఆగదు. పదును దొరకగానే ఖరీఫ్ విత్తుతారు, పీపాలన్నీ నిండేది జూలై, ఆగస్టుల్లో. ఫలితం వచ్చేసరికి చెనిక్కాయ పీకడం కూడా అయిపోతుంది. కమిటీ క్యాలెండర్ ప్రకారం పోతే పని లేని నెలల్లో పని గంటలు కొలిచినట్టవుతుంది.

పట్టిక తిరగరాయండి. మొదటి దశ ఈ ఖరీఫ్‌లోనే, సొంత ఖర్చుతో, ఒకే ఊళ్లో పన్నెండు ఇళ్లలో. రెండో దశ అక్కడి చలికాలంలో, చేతిలో డైరీలు పెట్టుకుని విశ్లేషణ. మూడో దశ వచ్చే ఖరీఫ్‌లో, దిద్దుకున్న పద్ధతితో. ఎంపిక కాకపోతే రెండో దశ ఇక్కడే, ఇంకొంచెం నెమ్మదిగా సాగుతుందని కూడా రాసేయండి. అలా రాస్తే పట్టుదల లేదనుకుంటారేమోనని ఒక క్షణం వెనకాడతారు. అయినా ఉంచండి. డబ్బు రాకముందే మొదలైన పనిని కమిటీ తక్కువగా చూడదు.

రెండుంపావుకు ‘సమర్పించు’ నొక్కారు. చక్రం తిరిగి తిరిగి రసీదు నంబరు వచ్చింది. నిద్రకు ముందు ఇంకో పని మిగిలింది. సంఘంలో కొందరికి చదువు రాదు, డైరీలో అక్షరాలు పనికిరావు. తెల్లకాగితం తీసి గడులు గీయండి: ఒక గడిలో పీపా బొమ్మ, ఒక దాంట్లో కడవ, ఒక దాంట్లో పేడతట్ట, ఒక దాంట్లో పొయ్యి. చుక్క పెడితే ఐదు నిమిషాలు. సోమవారం పొదుపు సమావేశానికి పన్నెండు పుస్తకాలు కుట్టించి తీసుకుపోవాలి. కదిరిలో జిరాక్స్ షాపు తొమ్మిదింటికి తెరుస్తారు.