మంచుగిడ్డంగి

మదరాసు సముద్రతీరమున నేడు వివేకానంద భవనముగా వెలయుచున్న కట్టడము మొదట మంచుగడ్డల గిడ్డంగి. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారమునకై 1842లో దానిని కట్టిరి. అమెరికాలో శీతకాలమున చెరువులపై కోసిన మంచు, రంపపుపొట్టు నడుమ పదిలమై, ఓడలలో సుమారు నాలుగు మాసములు ప్రయాణము చేసి వచ్చెడిది. 1833లో కలకత్తాకు పంపిన 180 టన్నులలో దాదాపు 100 టన్నులు కరగక చేరెను! అది దొరల పానపాత్రలకే ఎక్కువగా దక్కినదనుట వేరుమాట. 1870 దశకమున మదరాసులోనే యంత్రముతో మంచు చేయసాగిరి. ఓడల బేరము క్షీణించెను.

మన యింటి రిఫ్రిజిరేటరును ఆ గిడ్డంగి వంశములోనిదే యని మేము తలచుచున్నాము. లోనికి వేడి చొరనీయకుండుటయే రెంటి రహస్యము. అయితే చలి సూక్ష్మజీవులను చంపదు. వాని వృద్ధిని మందగింపజేయును, అంతే. కావున వండిన అన్నమును రెండు గంటలకు మించి బయట నుంచరాదు. లోతులేని గిన్నెలలో సర్ది, 4 డిగ్రీల సెంటిగ్రేడు మించని చోట పెట్టవలెను. ఫ్రీజరునకు మైనస్ 18 తగును.

కరెంటు పోయినచో ఈ పెట్టె అచ్చముగా ట్యూడర్ గిడ్డంగియే. తలుపు తెరువకున్న నాలుగు గంటలు లోని పదార్థములు నిలుచును. నిండుగానున్న ఫ్రీజరు రెండు దినములవరకు చలిని పట్టియుంచును. మాటిమాటికి తెరచి చూచు పిల్లలున్న యింట ఈ లెక్క చెల్లదు.