జనపనార, నూట నలభై నాలుగు రూపాయలు

1947లో బెంగాలును చీల్చిన సరిహద్దు ఒకే పరిశ్రమను రెండు దేశాలకు పంచిపెట్టింది. జనపనార పండే భూములలో అధిక భాగం తూర్పు బెంగాలుకు, అనగా పాకిస్తానుకు దక్కినది. దానిని నేసే మిల్లులన్నీ హుగ్లీ ఒడ్డున భారతదేశంలో ఉండిపోయాయి. పండించే రైతులలో అత్యధికులు ముస్లిములు. కలకత్తా బేరమే వారి ఇంటికి రొక్కం తెచ్చేది.

1949 సెప్టెంబరు 18న బ్రిటన్ పౌను విలువను తగ్గించింది. భారత ప్రభుత్వం తన రూపాయిని కూడ ఆ మేరకే, 30.5 శాతం, తగ్గించింది. పాకిస్తాను తగ్గించలేదు. అంతవరకు సమానంగా చెల్లిన రెండు రూపాయలలో పాకిస్తానువి నూటికి భారతదేశపువి 144 చెల్లించవలసి వచ్చినది. ఢిల్లీ ఈ రేటును అంగీకరించలేదు. వర్తకం స్తంభించింది; డిసెంబరులో పాకిస్తానుకు బొగ్గు కూడ ఆగిపోయింది.

పాకిస్తాను వాదం నిరాధారమైనది కాదు. జనపనారకు ప్రపంచంలో పోటీ లేదు. విలువ నిలుపుకుంటే విదేశీ యంత్రాలు చవకగా వస్తాయి. కాని నిర్ణయం వెలువడిన మాసాన్ని పాఠకులు గమనించాలి. కోసిన కట్టలను నీటిలో నానబెట్టి, నార తీసి ఆరవేసి, రైతు సంతకు మోసుకొచ్చే కాలమది. అప్పు, శిస్తు వాకిట నిలుచున్నవానికి ఆగే వ్యవధి ఎక్కడిది? ప్రభుత్వం జూట్ బోర్డు నెలకొల్పి కనీస ధర ప్రకటించింది. కలకత్తా పెట్టుబడి లేని లోటు తీర్చడానికి నవంబరులో నేషనల్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ స్థాపించింది. చురుకైన చర్యలే. అయినను చిట్టగాంగు రేవు అంత సరుకును మోయగలది కాదు. ప్రకటించిన ధర పల్లె సంత దాకా చేరడమూ కష్టమే అయింది. దొంగచాటు రవాణా సాగింది.

భారతదేశం పశ్చిమ బెంగాలు, అస్సాం, బీహారు, ఒరిస్సాలలో జనపనార సాగును పెంచింది. మన ఉత్తర కోస్తా రైతు ఎరిగిన గోగునారకూ మిల్లులలో గిరాకీ పెరిగింది.

1950 ఏప్రిల్‌లో నెహ్రూ, లియాఖత్ అలీ ఖాన్‌ల ఒడంబడిక తరువాత పరిమిత వర్తకానికి దారి ఏర్పడింది. జూన్‌లో కొరియా యుద్ధం మొదలై నార ధర ఎగసింది. 1951 ఫిబ్రవరిలో భారతదేశం 144 రేటును ఒప్పుకొని ఒప్పందం చేసుకుంది. దీనిని పాకిస్తాను విజయమని వ్రాయడం తొందరపాటు. అప్పటికే కొనేవాడు సొంత పొలం, అమ్మేవాడు సొంత మిల్లు చూసుకుంటున్నారు. నారాయణగంజ్‌లో ఆదమ్జీ మిల్లు 1951లోనే పని ప్రారంభించింది. కొరియా గిరాకీ చల్లబడగానే ధరలు పడిపోయాయి. 1955లో పాకిస్తాను తానే తన రూపాయి విలువను తగ్గించుకోగా, రెండు రూపాయలు తిరిగి సమానమయ్యాయి.